ఫ్రాన్స్ నగరాలు: పర్యాటక పరిచయం

ప్రపంచంలో విదేశీ పర్యాటకులు అత్యధికంగా వచ్చే దేశం ఫ్రాన్స్. 2024లో వారి సంఖ్య సుమారు 10 కోట్లు. వీరిలో చాలామంది పారిస్ చూసి, దగ్గరలోని వెర్సాయ్ రాజప్రాసాదం చూసి తిరుగుముఖం పడతారు. రాజధాని గొప్పదే, కాని దేశం అంతకంటే పెద్దది. నేటి పటంలో పక్కపక్కన కనిపించే ఫ్రాన్స్ నగరాలు ఒకే ఏలుబడిలో పుట్టినవి కావు. మార్సెయ్‌కి పునాది వేసింది గ్రీకులు, లియోన్‌కి రోమన్లు. అవిన్యోన్ 1791 దాకా పోపుల సొత్తు. స్ట్రాస్‌బర్గ్ 1681లో గాని ఫ్రాన్స్ రాజు చేతికి రాలేదు. నీస్ 1860 దాకా సవాయ్ రాజవంశానిది. అందువల్ల ఇళ్ల కప్పులు, గోడల రాయి, వంట, మాట తీరు ఊరూరా మారిపోతాయి. ఈ తేడాలను గుర్తుపడుతూ తిరగడంలోనే ఫ్రాన్స్ నగర యాత్ర ఫలం ఉంది.

నగర స్వరూపం

పాత నగరాలు చాలావరకు నదుల ఒడ్డున వెలిశాయి. సేన్ నది మీద పారిస్, రువాన్. రోన్ మీద లియోన్, అవిన్యోన్, ఆర్ల్. గారోన్ మీద తులూజ్, బోర్డో. లువార్ మీద నాంట్ ఉన్నాయి. ఊళ్లో అడుగుపెట్టగానే నది ఎటువైపు ఉందో తెలుసుకుంటే దారి పోల్చుకోవడం తేలిక. తొలి జనావాసం, వంతెన, కేథడ్రల్, సంత దాని దరిదాపుల్లోనే ఉంటాయి. ఈ పాత పేటలో సందులు ఇరుకు, వంపులు ఎక్కువ. ఒకప్పటి కోటగోడలను కూల్చిన చోట విశాలమైన బులెవార్డులు వచ్చాయి. వాటికి ఆవల రైల్వే స్టేషన్, 19వ శతాబ్ది పేటలు ఉంటాయి.

ఈ పాత పేటలు నేటికీ నిలిచి ఉండటం వెనక ఒక చట్టం ఉంది. రెండవ ప్రపంచ యుద్ధం తరవాత శిథిలమైన వాడలను కూల్చి కొత్త భవనాలు కట్టాలనే వాదం బలంగా సాగింది. అప్పటి సాంస్కృతిక మంత్రి, రచయిత ఆంద్రే మాల్రో 1962లో తెచ్చిన చట్టం ఒక్కొక్క కట్టడాన్నే గాక మొత్తం వాడను రక్షించే పద్ధతిని ప్రవేశపెట్టింది. దాని కింద 1964లో మొట్టమొదట రక్షణ పొందింది పాత లియోన్.

రెండో మార్పు ట్రాములది. కార్ల కాలం రాగానే దాదాపు అన్ని నగరాలూ పాత ట్రాము పట్టాలు పీకేశాయి. 1985లో నాంట్ కొత్త ట్రామును మొదలుపెట్టింది. గ్రెనోబుల్, స్ట్రాస్‌బర్గ్, బోర్డో, నీస్ అదే బాట పట్టాయి. ట్రాము వచ్చిన చోట కార్లను నడిబొడ్డు నుంచి తప్పించి, కూడళ్లను పాదచారులకు వదిలారు. ఇప్పుడు ఈ నగరాలను హాయిగా నడుస్తూ చూడగలుగుతున్నామంటే దానికి ఈ నిర్ణయమే కారణం.

పారిస్

పారిస్ నగరం సేన్ నదిలోని సితే దీవి, దాని ఎడమ గట్టు మీద విస్తరించిన రోమన్ పట్టణం లుటేషియా నుంచి పెరిగింది. ఆనాటి స్నానశాల, రంగస్థలం శిథిలాలు లాటిన్ క్వార్టర్‌లో నేటికీ ఉన్నాయి. దీవిలో 1163లో పని మొదలైన నోత్ర్ దామ్ కేథడ్రల్ పైకప్పు, గోపురశిఖరం 2019 ఏప్రిల్ 15న మంటల్లో కూలాయి. వడ్రంగులు, రాతిపనివారు ఓక్ దూలాలతో, పాత పద్ధతుల్లో పునర్నిర్మించాక 2024 డిసెంబరులో అది మళ్లీ తెరుచుకుంది. అక్కడికి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉన్న సేంత్ షాపెల్ 1248 నాటి ప్రార్థనాలయం. దాని పై అంతస్తులో గోడలంటూ దాదాపు లేవు, అన్నీ రంగుటద్దాల కిటికీలే. ఎండ కాసే ఉదయం వెళ్తే ఆ పనితనం పూర్తిగా తెలుస్తుంది.

నేటి పారిస్ రూపం చాలావరకు 19వ శతాబ్దిది. మూడవ నెపోలియన్ కాలంలో 1853 నుంచి 1870 వరకు అధికారిగా ఉన్న ఓస్మాన్ పాత వాడలను చీల్చి నిటారు వీధులు వేయించాడు. వాటి వెంట ఒకే ఎత్తులో లేతపసుపు సున్నపురాతి భవనాలు, కింద మురుగు కాలువలు, మంచినీటి గొట్టాలు వచ్చాయి. వేలమంది పేదలు నగరం అంచులకు వెళ్లిపోవలసి రావడం ఈ సౌందర్యానికి చెల్లించిన మూల్యం. ఓస్మాన్ చేయి పడని పాత పారిస్‌ను మారే పేటలో చూడవచ్చు. 1612లో ప్రారంభమైన వోజ్ చతురస్రం అక్కడే ఉంది.

1860 నుంచి నగరం 20 వార్డులుగా ఉంది. ఒకటో వార్డు నడిమధ్యన ఉండి, మిగిలినవి గడియారపు ముల్లు తిరిగే దిశలో చుట్లుగా సాగుతాయి. చిరునామాలో వార్డు సంఖ్యను చూస్తే అది కేంద్రానికి ఎంత దూరమో ఊహించవచ్చు. 1900లో మొదలైన మెట్రో స్టేషన్లు దగ్గరదగ్గరగా ఉంటాయి.

లూవ్ర్ మొదట 12వ శతాబ్ది చివర కట్టిన కోట, తరవాత రాజభవనం. విప్లవ కాలంలో 1793లో ప్రజల మ్యూజియం అయింది. దాని ముంగిట 1989లో వాస్తుశిల్పి ఐ. ఎం. పేయ్ గాజు పిరమిడ్ కట్టాడు. ఒక్క పూటలో అంతా చూడాలని పరుగెత్తేకంటే రెండు మూడు విభాగాలు ఎంచుకోవడం మేలు. పాత రైల్వే స్టేషన్లో 1986లో ఏర్పడ్డ ఓర్సే మ్యూజియం ఇంప్రెషనిస్టు చిత్రాలకు నెలవు. లూవ్ర్‌కు మంగళవారం, ఓర్సేకు సోమవారం సెలవు.

విప్లవ శతజయంతి ప్రదర్శన కోసం 1889లో లేచిన ఐఫిల్ టవర్ నేటి ఎత్తు 330 మీటర్లు. ఇరవై ఏళ్ల తరవాత విప్పేయాలనుకున్న ఆ ఇనుప కట్టడాన్ని కాపాడింది వైర్‌లెస్ ప్రసారాలకు అది ఉపయోగపడటమే. సేన్ తీరాలను 1991లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. 1923 నుంచి నిషేధం ఉన్న సేన్ ఈతను 2025 వేసవిలో మూడు చోట్ల ప్రజలకు అనుమతించారు. నదిని శుభ్రం చేసుకోవాలన్న నగరపు పట్టుదల అలా ఫలించింది.

లియోన్

క్రీ.పూ. 43లో రోమన్లు స్థాపించిన లుగ్‌డునం నేటి లియోన్. రోన్, సోన్ నదులు ఇక్కడ కలుస్తాయి. పడమట ఫూర్వియేర్ కొండ మీద రోమన్ రంగస్థలం, దాని కింద సోన్ ఒడ్డున రినైసాన్స్ కాలపు పాత పేట, నదుల నడుమ వ్యాపార వీధులు, ఉత్తరాన క్రువా రూస్ గుట్ట మీద పట్టు నేతగాళ్ల పేట ఉన్నాయి. 1998లో యునెస్కో గుర్తించింది ఈ మొత్తాన్ని. రెండు వేల ఏళ్ల నగర చరిత్రను పడమటి నుంచి తూర్పుకు వరసగా నడిచి చూసే వీలు ఇంత స్పష్టంగా మరెక్కడా దొరకదు.

క్రువా రూస్ ఇళ్లకు పైకప్పులు చాలా ఎత్తు. జకార్డ్ మగ్గం అంత పొడుగు ఉండేది గనక ఇళ్లను అలా కట్టారు. కూలి రేట్ల కోసం ఇక్కడి నేతగాళ్లు 1831, 1834లలో చేసిన తిరుగుబాట్లు ఐరోపా కార్మిక చరిత్రలో తొలి ఘట్టాలుగా నిలిచాయి. ఒక వీధి నుంచి మరో వీధికి ఇళ్ల లోపలి నుంచి, నడవాల గుండా సాగే దారులను త్రబూల్ అంటారు. పట్టు తానులు తడవకుండా మోసుకెళ్లడానికి ఇవి పనికొచ్చాయి. జర్మన్ ఆక్రమణ కాలంలో ప్రతిఘటన దళాలు వీటినే వాడుకున్నాయి. కొన్ని మాత్రమే సందర్శకులకు తెరిచి ఉంటాయి. లోపల జనం కాపురముంటున్నారు కాబట్టి సద్దుచేయకుండా నడవాలి.

1895లో లూమియేర్ సోదరులు తమ ఫ్యాక్టరీ నుంచి కార్మికులు బయటికి వస్తున్న దృశ్యాన్ని చిత్రించింది ఈ నగరంలోనే. ఆ చోట ఇప్పుడు మ్యూజియం ఉంది. మరుసటి ఏడు 1896 జులై 7న వారి చిత్రాలు బొంబాయిలో ఆడటంతో భారతదేశానికి సినిమా పరిచయమైంది. ఏటా డిసెంబరు 8 నాటికి లియోన్ ఇళ్ల కిటికీల్లో దీపాలు పెడతారు. 1852లో ఫూర్వియేర్ కొండ మీద మేరీమాత విగ్రహ ప్రతిష్ఠ నాటి ఆచారం అది. దాని చుట్టూ నేడు కొన్ని రోజుల దీపోత్సవం జరుగుతోంది.

మార్సెయ్, నీస్

మార్సెయ్ ఫ్రాన్స్‌లో పారిస్ తరవాతి పెద్ద నగరం, అన్నిటికన్నా పాతది. సుమారు క్రీ.పూ. 600లో ఆసియా మైనర్ నుంచి వచ్చిన గ్రీకు నావికులు దీన్ని నెలకొల్పారు. వాళ్లు ఓడలు కట్టేసిన పాత రేవే నేటికీ ఊరి నడిబొడ్డు. పొద్దున్నే అక్కడ జాలర్లు పడవల దగ్గరే చేపలు అమ్ముతారు. రేవుకు ఉత్తరాన ఉన్న పాత వాడలో చాలా భాగాన్ని 1943లో జర్మన్ సైన్యం పేల్చేసింది. మిగిలినదే లె పానియే పేట. రేవు ముఖద్వారం దగ్గర 2013లో తెరిచిన మ్యూసెమ్ మధ్యధరా నాగరికతల మ్యూజియం. దక్షిణాన గుట్ట మీద నోత్ర్ దామ్ ద లా గార్ద్ చర్చి నావికుల మొక్కుబడుల స్థలం. కాపాడమని మొక్కి, గట్టెక్కినవారు సమర్పించిన పడవల నమూనాలు దాని కప్పు నుంచి వేలాడుతుంటాయి. ఈ నగరంలోనే వాస్తుశిల్పి లె కార్బూజియే 1952లో పూర్తి చేసిన సితే రాదియూజ్ నివాస భవనం ఉంది. అది ఆధునిక వాస్తుశిల్పంలో ఒక మలుపు. చండీగఢ్ నగరాన్ని రూపొందించింది కూడా ఆయనే.

నీస్‌లో ఇటలీ ఛాయ బలంగా కనిపిస్తుంది. పాత పేటలో కావిరంగు గోడలు, ఆకుపచ్చ తలుపు రెక్కలు, ఇరుకు మెట్లదారులు ఉన్నాయి. 18, 19 శతాబ్దుల్లో చలికాలం గడపడానికి వచ్చిన ఇంగ్లీషువారు సముద్రం వెంట వేయించిన బాట నేడు ప్రోమెనాడ్ దెజ్ ఆంగ్లే. చలికాలపు విడిదిగా ఎదిగిన ఈ నగరానికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. సలేయా సంత దగ్గర పెద్ద రాగి పళ్లేల్లో శనగపిండితో కాల్చే సొక్కా అనే అట్టు శాకాహారులు నిశ్చింతగా తినగల తీరప్రాంతపు వంటకం.

ప్రోవాన్స్, దాని పరిసరాలు: రోమన్లు, పోపులు

నీమ్, ఆర్ల్, అవిన్యోన్ ఒకదానికొకటి గంట లోపు రైలు దూరంలో ఉన్నాయి. నీమ్‌లోని మెజోన్ కారే రోమన్ ఆలయం రెండు వేల ఏళ్ల తరవాత కూడా చెక్కుచెదరలేదు. 2023లో అది ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నీమ్‌కు సుమారు 50 కిలోమీటర్ల కాలువ ద్వారా నీళ్లు తెచ్చే దారిలో రోమన్లు గార్దోన్ నది మీద కట్టిన మూడంతస్తుల పోన్ దు గార్ ఎత్తు దాదాపు 49 మీటర్లు. ఆర్ల్‌లోని రోమన్ రంగభూమిలో మధ్యయుగంలో ఇళ్లు కట్టుకుని ఒక ఊరే కాపురముంది. 19వ శతాబ్దిలో వాటిని తీసేశారు. వాన్ గోహ్ 1888 ఫిబ్రవరి నుంచి 1889 మే వరకు ఆర్ల్‌లో ఉండి తన అత్యుత్తమ చిత్రాల్లో అనేకం వేశాడు. వాటిని వేసిన స్థలాలను ఊళ్లో పలకలతో గుర్తించారు.

1309 నుంచి 1377 వరకు ఏడుగురు పోపులు రోమ్ వదిలి అవిన్యోన్‌లో ఉన్నారు. వారు కట్టించిన ప్రాసాదం బయటికి కోటలా, లోపల చర్చిలా ఉంటుంది. 1947లో నటుడు, దర్శకుడు ఝాన్ విలార్ ఆ ప్రాంగణంలో మొదలుపెట్టిన నాటకోత్సవం ఇప్పుడు ప్రతి జులైలో ఊరంతటినీ రంగస్థలం చేస్తోంది. ఆ నెలలో వెళ్లదలచినవారు బసను చాలా ముందుగా చూసుకోవాలి.

అట్లాంటిక్ వైపు: బోర్డో, నాంట్, తులూజ్

బోర్డో నదీముఖం 18వ శతాబ్ది నగర నిర్మాణానికి మేటి ఉదాహరణ. గారోన్ వంపు వెంట ఒకే తీరులో సాగే రాతి భవనాలు నల్లబడి, గోదాముల వెనక దాగి ఉండేవి. ట్రాము, గట్టు అభివృద్ధి పనులతో అవి మళ్లీ వెలుగు చూశాయి. 2007లో యునెస్కో గుర్తింపు వచ్చింది. బూర్స్ చతురస్రం ముందు 2006లో పరిచిన నీటి అద్దంలో ఆ భవనాల నీడ పడుతుంది. పాత నగర దృశ్యానికి అడ్డు రాకుండా ఇక్కడి ట్రాముకు కొంత మేర పైతీగలు లేకుండా నేల నుంచే విద్యుత్తు అందించారు.

ఈ సంపదలో బానిస వ్యాపారపు వాటా పెద్దది. బోర్డోలోని అక్విటేన్ మ్యూజియం ఆ చరిత్రను దాచకుండా చూపుతుంది. ఫ్రాన్స్‌లో ఆ వ్యాపారానికి ప్రధాన రేవైన నాంట్, 2012లో లువార్ ఒడ్డున బానిసత్వ నిర్మూలన స్మారకాన్ని నిర్మించింది. గట్టు మీద పరిచిన గాజు పలకల మీద అక్కడి నుంచి బయలుదేరిన ఓడల పేర్లు చెక్కారు. వీధుల వైభవం చూసినవారు ఈ స్మారకాన్నీ చూస్తేనే నగరం చెప్పే కథ పూర్తవుతుంది. రచయిత జూల్ వెర్న్ పుట్టింది నాంట్‌లోనే. ఆయన ఊహల స్ఫూర్తితో పాత ఓడల కార్ఖానా స్థలంలో 12 మీటర్ల యాంత్రిక ఏనుగు జనాన్ని ఎక్కించుకుని నడుస్తుంది. నేల మీద వేసిన ఆకుపచ్చ గీత వెంట నడిస్తే ముఖ్యమైన చోట్లన్నీ చుట్టిరావచ్చు.

తులూజ్‌కు దగ్గరలో రాతి గనులు లేవు. బంకమట్టి ఇటుకతో కట్టడంతో ఊరంతా గులాబీరంగులో ఉంటుంది. సేన్ సెర్నాన్ చర్చి ఐరోపాలో మిగిలిన అతిపెద్ద రోమనెస్క్ చర్చిల్లో ఒకటి. 1681లో ప్రారంభమైన కెనాల్ దు మిది గట్ల మీద చెట్ల నీడన నడవవచ్చు, సైకిల్ తొక్కవచ్చు. 1969 మార్చి 2న కాంకార్డ్ తొలిసారి ఎగిరింది ఇక్కడి నుంచే. ఎయిర్‌బస్ కేంద్రం కూడా ఈ నగరమే. దగ్గరలోని కార్కసోన్ కోట 19వ శతాబ్దిలో వాస్తుశిల్పి వియోలె లె డ్యూక్ పునరుద్ధరించిన 52 బురుజుల పాత నగరం.

తూర్పు, ఉత్తర నగరాలు

స్ట్రాస్‌బర్గ్ 1870 నుంచి 1944 వరకు ఫ్రాన్స్, జర్మనీల మధ్య నాలుగుసార్లు చేతులు మారింది. పాత దీవిలో చెక్క చట్రాల ఇళ్లు, ఎర్ర ఇసుకరాతి కేథడ్రల్ ఉన్నాయి. 142 మీటర్ల ఆ శిఖరం 1647 నుంచి 1874 వరకు ప్రపంచంలోకెల్లా ఎత్తైన కట్టడం. దీవికి ఆవల జర్మన్ పాలకులు కట్టిన పేట వేరే లోకం. ఈ రెంటినీ కలిపి యునెస్కో గుర్తించింది. యుద్ధాలు చూసిన ఈ నగరంలోనే నేడు ఐరోపా పార్లమెంటు సమావేశమవుతోంది. 2017 నుంచి ట్రాము రైన్ నది దాటి జర్మనీలోని కేల్‌కు వెళ్తోంది. 1792లో రూజే ద లీల్ అనే సైనికాధికారి ఫ్రాన్స్ జాతీయ గీతాన్ని రచించింది స్ట్రాస్‌బర్గ్‌లో. మార్సెయ్ నుంచి పారిస్‌కు కదిలిన వాలంటీర్లు దాన్ని పాడటంతో మార్సెయేజ్ అన్న పేరు నిలిచింది.

రీమ్స్ కేథడ్రల్‌లో తరతరాల ఫ్రాన్స్ రాజులకు పట్టాభిషేకం జరిగింది. 1914లో ఫిరంగి దాడుల్లో కాలిన ఆ చర్చిని తిరిగి నిలబెట్టారు. అందులో చిత్రకారుడు షగాల్ చేసిన రంగుటద్దాలు 1974 నాటివి. రువాన్‌లో 1431 మే 30న ఝాన్ దార్క్‌ను సజీవదహనం చేసిన చతురస్రం, చిత్రకారుడు మోనే పదేపదే చిత్రించిన కేథడ్రల్ ఉన్నాయి. సేన్ సముద్రంలో కలిసే లె హావ్ర్ 1944 బాంబు దాడుల్లో నేలమట్టమైంది. వాస్తుశిల్పి ఒగ్యూస్ట్ పెరే కాంక్రీటుతో కట్టిన కొత్త నగరం 2005లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. పాతదే అందమనుకునే వారు తప్పక చూడవలసిన చోటు ఇది.

తెలుగు నేలతో సంబంధం

ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ 1669లో గోల్కొండ అనుమతితో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది. కంపెనీ ఓడలు బయలుదేరిన రేవు బ్రిటనీ తీరంలోని లోరియాన్. దానికి ఎదురుగా పోర్ లూయీ కోటలో ఆ కంపెనీ చరిత్ర మ్యూజియం ఉంది. చిరివేరు ఎరుపుతో మెరిసే కోరమాండల్ కలంకారీ, అద్దకపు బట్టల మీద ఫ్రాన్స్ జనానికి ఎంత మోజంటే, దేశీయ నేతను కాపాడటానికి ప్రభుత్వం 1686 నుంచి 1759 వరకు వాటిని నిషేధించింది. ఆ పనితనాన్ని అనుకరిస్తూ 1746లో అద్దకం మొదలుపెట్టిన మ్యులూజ్ నగరంలో నేడు అచ్చుబట్టల మ్యూజియం ఉంది. లియోన్ పారిశ్రామికవేత్త ఎమిల్ గిమే సేకరణతో మొదలైన పారిస్‌లోని గిమే మ్యూజియంలో అమరావతి శైలి సున్నపురాతి శిల్పాలు చూడవచ్చు. తెలుగు యాత్రికులు ఈ చోట్లకు వెళ్తే తమ చేతిపనివారి ప్రతిభ ఎంత దూరం ప్రయాణించిందో కళ్లారా తెలుస్తుంది.

ప్రయాణం

స్వల్పకాల యాత్రకు షెంగెన్ వీసా కావాలి. 180 రోజుల్లో 90 రోజులు ఉండవచ్చు. నగరాల మధ్య రైలే ఉత్తమం. 1981లో పారిస్, లియోన్ మధ్య మొదలైన తెజెవె వేగరైలు ఇప్పుడు పారిస్ నుంచి లియోన్, బోర్డోలకు సుమారు 2 గంటల్లో, స్ట్రాస్‌బర్గ్‌కు గంటా మూడు పావుల్లో, మార్సెయ్‌కి 3 గంటలకు కాస్త పైన చేరుస్తుంది. రీమ్స్‌కు ముప్పావు గంట చాలు. టికెట్ ముందుగా కొంటే చవక. పారిస్‌లో దిక్కుకొక స్టేషన్ ఉంది. ఆగ్నేయానికి గార్ ద లియోన్, నైరుతికి మోన్‌పర్నాస్, తూర్పుకు గార్ ద లెస్ట్, ఉత్తరానికి గార్ దు నోర్. అవిన్యోన్, రీమ్స్ వంటి చోట్ల వేగరైలు స్టేషన్ ఊరి బయట వేరేగా కూడా ఉంటుంది. టికెట్ మీద స్టేషన్ పేరు సరిచూసుకోవాలి.

ఏప్రిల్ నుంచి జూన్, సెప్టెంబరు నుంచి అక్టోబరు నడకకు అనువైన కాలం. జూన్ చివర రాత్రి 10 దాకా వెలుతురు ఉంటుంది. ఆగస్టులో పారిస్‌లో చాలా చిన్న దుకాణాలు మూసేస్తారు. సెప్టెంబరు మూడో వారాంతంలో వారసత్వ దినాల పేరిట మామూలుగా ప్రవేశం లేని ప్రభుత్వ భవనాలను కూడా తెరుస్తారు. జాతీయ మ్యూజియాల శాశ్వత ప్రదర్శనలకు 18 ఏళ్ల లోపు వారికి టికెట్ ఉండదు. కేథడ్రల్ లోపలికి ప్రవేశం సాధారణంగా ఉచితం, గోపురం ఎక్కడానికి మాత్రం రుసుము ఉంటుంది.

భోజనం, మర్యాద

మధ్యాహ్న భోజనం 12 నుంచి 2 లోపు, రాత్రి భోజనం ఏడున్నర తరవాత. మధ్యలో చాలా వంటశాలలు మూసి ఉంటాయి. మధ్యాహ్నపు నిర్ణీత భోజనం రాత్రికన్నా చవక. బిల్లులోనే సేవా రుసుము కలిసి ఉంటుంది. కుళాయి నీళ్ల జగ్గు అడిగితే డబ్బు తీసుకోకుండా ఇస్తారు. బేకరీలో బగెట్ రొట్టె, చీజ్, సంతలో పళ్లు కొనుక్కుంటే చవకలో మంచి భోజనం. శాకాహారులు మాంసంతోబాటు చేపలు, పంది కొవ్వు కూడా వద్దని విడమరచి చెప్పాలి. దక్షిణాది రుచి కావాలంటే పారిస్‌లో గార్ దు నోర్ దగ్గరి లా షాపెల్ పేటలో శ్రీలంక తమిళుల హోటళ్లలో దోసె దొరుకుతుంది.

దుకాణంలోకి అడుగుపెట్టగానే ముందు బోన్‌జూర్ అని పలకరించడం అక్కడ తప్పనిసరి మర్యాద. అది లేకుండా నేరుగా పని చెప్తే మొరటుతనంగా భావిస్తారు. పారిస్ మెట్రోలో, రద్దీ స్థలాల్లో జేబుదొంగల బెడద ఉంది. పాస్‌పోర్టు, డబ్బు ఒంటికి దగ్గరగా ఉంచుకోవాలి.

పర్యాటక భారం

జనాదరణ నగరాలకు బరువు కూడా అవుతోంది. లూవ్ర్ రోజువారీ సందర్శకులను 30,000కు పరిమితం చేసింది. మార్సెయ్ పక్కనున్న కలాంక్ జాతీయ ఉద్యానంలో సుజితోన్ తీరానికి 2022 నుంచి వేసవిలో ముందస్తు నమోదు తప్పనిసరి. పర్యాటకుల అద్దె గదులుగా మారిన ఇళ్ల వల్ల నడిబొడ్డున స్థానికులకు అద్దెలు భారమవుతున్నాయి. ఫ్రాన్స్ నగరాల అందం అక్కడ మనుషులు బతుకుతుండటంలోనే ఉంది కాబట్టి పర్యాటకుల ఎంపికకూ ఇందులో పాత్ర ఉంది. వారం రోజుల్లో ఆరు ఊళ్లు తిరిగేకంటే పారిస్‌తోపాటు మరొక్క నగరాన్ని ఎంచుకుని అక్కడ మూడు రాత్రులైనా ఉండటం ఉత్తమం. రోమన్ కాలం మీద ఆసక్తి ఉంటే నీమ్ లేదా ఆర్ల్, కార్మిక చరిత్ర, వంట అయితే లియోన్, సముద్రం అయితే మార్సెయ్, ఐరోపా యుద్ధ శాంతుల కథ అయితే స్ట్రాస్‌బర్గ్. అలా ఎంచుకున్న ఒక్క నగరం, ఫ్రాన్స్ ఎన్ని వేర్వేరు నేలల కలయికో యాత్రికుడికి నేర్పుతుంది.